వణికే కుక్కని దగ్గరికి తీసుకోండి, ఏమీ చెడిపోదు!

పండగ దగ్గర పడిందంటే చాలు, అదే సలహా మళ్లీ తిరుగుతుంది. "టపాసులకి భయపడే కుక్కని నిమరకండి, పట్టించుకోనట్టు ఉండండి, లేకపోతే భయం అలవాటైపోతుంది" అని. ఇది తప్పు. సగం తప్పు కూడా కాదు, పూర్తిగా తప్పు.

ఎందుకో వినండి. కూర్చోమంటే కూర్చోవడం కుక్క నేర్చుకుని చేసే పని. బిస్కెట్ ఇస్తే మళ్లీ చేస్తుంది. భయం అలాంటిది కాదు. గుండె దడ, రొప్పడం, చొంగ కారడం, ఇవేవీ అది కావాలని చేయట్లేదు. కావాలని చేయనిదాన్ని బహుమతి ఇచ్చి పెంచడం ఎలా కుదురుతుందండీ? ఉరుముకి ఉలిక్కిపడిన పిల్లాణ్ణి అమ్మ పొదివి పట్టుకుంటే వాడి భయం పెరిగిపోతుందా?

రుజువు కావాలా? 2020లో స్టెఫానీ రీమర్ అనే పరిశోధకురాలు 1,225 మంది కుక్కల యజమానుల జవాబులు తీసుకుని ఒక అధ్యయనం ప్రచురించారు. టపాసు పేలిన ప్రతిసారీ వెంటనే ట్రీట్ ఇవ్వడమో, ఆడించడమో చేసినవాళ్లలో 70 శాతానికి పైగా అది పనిచేసిందని చెప్పారు. ఢామ్మని పేలగానే నోట్లో ట్రీట్! ఆ సలహాలో నిజముంటే ఈ కుక్కలన్నీ ఇంకా పిరికివైపోవాలి కదా. అవ్వలేదే!

మరి ఈ అబద్ధం ఎందుకు చావట్లేదు? నేను గట్టిగా నమ్మేది చెప్తాను. అది మనకి సుఖంగా ఉంది కాబట్టి. పట్టించుకోకపోవడమే కుక్కకి మంచిదని ఎవరైనా చెప్తే, తలుపేసి హాయిగా సంబరాలకి వెళ్లిపోవచ్చు. మనసులో గుచ్చుకోదు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఇంకొంతమంది ఉంటారు. "మాదానికి అసలు భయమే లేదండీ, మంచం కింద బుద్ధిగా పడుకుంటుంది" అంటారు. ఒకసారి వంగి చూడండి. తోక ముడుచుకుందా? కళ్లు పెద్దవి చేసి చూస్తోందా? మాటిమాటికీ పెదాలు నాకుతోందా, ఆవలిస్తోందా? అలా అయితే అది పడుకోలేదు, దాక్కుంది. మన చెవి 20,000 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతే దాని చెవికి దాదాపు 45,000 దాకా వినిపిస్తుంది. మనకి అసలు వినపడని శబ్దాలు కూడా దానికి వినపడుతున్నాయి.

అలాగని బయటికి లాగి కావలించుకోకండి. మీ దగ్గరికొస్తే ఒళ్లోకి తీసుకోండి, దాక్కుంటానంటే దాక్కోనివ్వండి. వీలైతే కిటికీలు లేని గది ఇవ్వండి, ఉంటే కర్టెన్లు వేసేయండి, ఫ్యానో టీవీయో ఆన్ చేయండి. వాకింగ్ వెలుతురుండగానే ముగించండి. బెదిరిన కుక్క గోడ దూకి ఎటు పారిపోతుందో దానికే తెలియదు, కాబట్టి బెల్టుకి మీ ఫోన్ నంబరున్న బిళ్ల తగిలించండి. ఎన్నడూ లేనిది ముసలి కుక్క శబ్దాలకి బెదరడం మొదలుపెడితే కీళ్ల నొప్పులున్నాయేమో చూపించండి. నొప్పికీ ఈ భయానికీ సంబంధం ఉంటుంది.

మందుల సంగతి. మనుషుల నిద్రమాత్రలు వేయకండి, దయచేసి! ఎసిప్రోమజైన్ అనే పాత మందు ఒక్కటే ఇస్తే ఒళ్లు మగతగా పడిపోతుంది కానీ లోపల భయం అలాగే ఉంటుంది. చూసేవాళ్లకి మాత్రం కుక్క ప్రశాంతంగా ఉన్నట్టే కనిపిస్తుంది. ఇంతకన్నా అన్యాయం ఏముంది? శబ్దాల భయానికని ప్రత్యేకంగా డెక్స్‌మెడెటోమిడిన్ జెల్‌కి 2015లోనే అమెరికాలో మందులకి అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ అనుమతిచ్చింది. చెంపకీ చిగుళ్లకీ మధ్య పూస్తారు. మీ కుక్కకి ఏది సరిపడుతుందో పశువుల డాక్టరే చెప్పాలి. పైగా ఏ మందైనా పండగకి ముందే ఒకసారి వేసి, ఎలా పనిచేస్తుందో చూసుకోవాలి. అందుకే టపాసులు మొదలయ్యాక ఫోన్లు చేయకండి, ఈ వారమే తీసుకెళ్లండి.