రొయ్యల బాకీకి కమర్షియల్ కోర్టు

హోస్ట్: మేడం, భీమవరం పక్క చెరువుల దగ్గర సంగతి తెలిసిందే కదండీ. ఏజెంటు వస్తాడు, కౌంటు (కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో) చూస్తాడు, లోడెత్తుకుపోతాడు. వారంలో వేస్తానన్న డబ్బులు ఏడాదైనా పడవు. ఈ బాకీకి, వ్యాపార తగాదాలు చూసే కమర్షియల్ కోర్టుకు వెళ్లొచ్చా?

లాయర్: వెళ్లొచ్చండి. సరుకు అమ్మకమే కాబట్టి బాకీ 3 లక్షలకు తగ్గకుండా ఉంటే చాలు. 2015లో చట్టం తెచ్చినప్పుడు కోటి రూపాయలు ఉండాలన్నారు. అప్పుడది పెద్ద కంపెనీల గోల. 2018లో 3 లక్షలకు దించాక మన ఫీడు షాపులు, రైసుమిల్లులు, కొబ్బరి వ్యాపారం అన్నీ లోపలికి వచ్చేశాయి.

హోస్ట్: మరి ప్రామిసరీ నోటు?

లాయర్: బావమరిదికి చేబదులిచ్చి రాయించుకున్న నోటైతే మామూలు సివిల్ కోర్టుకే. సరుకు బాకీకి రాయించుకున్నదైతే మాత్రం వాదించుకోవడానికి చోటుంది.

హోస్ట్: కోర్టులేమో విజయవాడలో, విశాఖలో పెట్టారు. అమలాపురం నుంచి పోయి రావాలంటే రోజంతా పోతుందండీ.

లాయర్: అసలు దావా వేసే ముందే ఒక మెట్టుంది. అర్జెంటుగా స్టే లాంటిది అడిగితే తప్ప, ముందు న్యాయ సేవాధికార సంస్థలో మధ్యవర్తిత్వానికి వెళ్లాల్సిందే. అది చేయకుండా వేసిన దావా నిలవదని 2022లో సుప్రీంకోర్టు పాటిల్ ఆటోమేషన్ కేసులో తేల్చేసింది. ఆ మధ్యవర్తిత్వానికి గడువు మూడు నెలలు, ఇద్దరూ ఒప్పుకుంటే ఇంకో రెండు. అవతలివాడు రాకపోతే, రాలేదని అక్కడ ఇచ్చే రిపోర్టు పట్టుకుని కోర్టుకెళ్లడమే.

హోస్ట్: ఇప్పుడు అంతా ఆన్‌లైనే అంటున్నారుగా?

లాయర్: ఈ-కోర్టుల మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్లు ఆమోదించింది. కేసుకిచ్చే 16 అక్షరాల సీఎన్‌ఆర్ నంబరు ఫోన్లో కొడితే వాయిదా ఎప్పుడో తెలిసిపోతుంది. మంచిదే, కాదనను. కానీ ఎగ్గొట్టేవాడికి టెన్షన్ పెట్టేది యాప్ కాదండి, గడువు. సమన్లు అందాక 30 రోజుల్లో జవాబు వేయాలి. కోర్టు దయతలిచినా మొత్తం 120 రోజులే. ఆ తర్వాత జడ్జిగారు ఇద్దామనుకున్నా ఇవ్వడానికి లేదు. ‘వాయిదా అడుగుదాంలే’ అని కూర్చున్నవాడు అక్కడే మునుగుతాడు.

హోస్ట్: మనవాళ్లకి బలే నచ్చే మాట చెప్పారు! మరి మన వైపు చిక్కేంటి?

లాయర్: కాగితం. ఈ కోర్టులో మీ దగ్గరున్న పత్రాలన్నీ దావాతోనే వేసేయాలి. తర్వాత దొరికిందంటే ఎందుకు ఆలస్యమైందో చెప్పి అనుమతి తెచ్చుకోవాలి. మనవాళ్ల వ్యాపారమేమో సగం నోటిమాట, సగం వాట్సాప్.

హోస్ట్: స్క్రీన్‌షాట్ ప్రింటు తీసిస్తే సరిపోదా?

లాయర్: సరిపోదండి. 2024 జులై 1న అమల్లోకొచ్చిన సాక్ష్య చట్టంలో 63వ సెక్షన్ ఉంది. దాని కింద, ఆ చాట్ ఏ ఫోన్లోదో చెప్పే సర్టిఫికెట్ జత చేయాలి. ఒక భాగం మీరు, రెండో భాగం నిపుణుడు సంతకం చేయాలి. బాకీ తేలేదాకా ఆ ఫోను ఎవరికీ ఇచ్చేయకండి, చాట్ చెరిపేయకండి. అన్నిటికన్నా తూకం చీటీ మీద ఏజెంటు సంతకం ఉంటే సగం గొడవ ఉండదు.

హోస్ట్: సంతకం అడిగితే పక్క చెరువుకి పోతానంటాడండి.

లాయర్: అయితే లోడు కదిలిన రాత్రే మెసేజ్ పెట్టండి: తేదీ, కౌంటు, కిలోలు, రేటు, లారీ నంబరు, ఎప్పటిలోగా వేస్తానన్నాడో. ‘ఓకే’ అని జవాబొచ్చేదాకా వదలకండి.