మీదే ఊరు?

శ్రోతలకు నమస్కారం.

ఇద్దరు తెలుగువాళ్లు రైల్లో కలిస్తే మొదట వచ్చే మాట "మీదే ఊరండీ?" అని. ఎక్కడో ఒక చుట్టరికం తగలకపోతుందా అన్న ఆశ అందులో ఉంటుంది. అదే ప్రశ్న ఆఫీసు కిటికీ వెనక నుంచి వస్తే మాత్రం వేరేగా వినిపిస్తుంది. గాజువాకలో సెంట్రింగ్ పని చేసే ఒక ఒడియా కుర్రాడికి తోడుగా ఒకసారి ఒక ఆఫీసుకి వెళ్లాను. చేతికి దెబ్బ తగిలి పని ఆగిపోయింది, ఏమైనా సాయం దొరుకుతుందేమోనని వచ్చాడు. "ఏ ఊరు?" అన్నారు. "బలంగీర్" అన్నాడు. "అయితే అక్కడే అడుక్కో" అన్నారు. ఆ కుర్రాడు మూడేళ్లుగా విశాఖలో ఉంటున్నాడు. "ఎక్కడుంటున్నావు బాబూ?" అని ఒక్కరూ అడగలేదు.

వలస వచ్చినవాళ్ల కోసం నగరం ప్రణాళిక వేయడమంటే, నా దృష్టిలో, ముందుగా ఆ రెండో ప్రశ్న అడగడమే.

మన ఉత్తరాంధ్రకి వలస కొత్తేమీ కాదు. "రంగం వెళ్లాడు" అన్న మాట మన ముసలివాళ్ల నోట ఇప్పటికీ వినిపిస్తుంది. రంగం అంటే రంగూన్. విశాఖ, భీమిలి రేవుల నుంచి వేలమంది ఓడలెక్కి బర్మా వెళ్లారు. ధాన్యం మిల్లుల్లో, రేవుల్లో బస్తాలు మోశారు. అక్కడివాళ్లు మనవాళ్లని 'కొరంగీలు' అనేవారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు అది. మనిషికి ఒక పేరుందని మరిచిపోయి, ఓడ బయల్దేరిన రేవు పేరుతో పిలిచారన్నమాట. 1962లో సైనిక ప్రభుత్వం వచ్చాక, వ్యాపారాలు జాతీయం చేశాక, తరాల తరబడి అక్కడే బతికినవాళ్లు కట్టుబట్టలతో తిరిగొచ్చారు. మన కంచరపాలెం దగ్గర బర్మా క్యాంపు అలా వచ్చిందే. ఈరోజు ఎవరినైనా "ఏయ్ బీహారీ" అని పిలిచేటప్పుడు నాకు ఆ కొరంగీలే గుర్తొస్తారు. మనసు చివుక్కుమంటుంది.

అసలీ ఊరే వచ్చినవాళ్లతో పెరిగిన ఊరు. 1901 లెక్కల్లో విశాఖ జనాభా 40 వేల పైచిలుకు. 2011కి 17 లక్షలు దాటింది. ఇంతమంది ఇక్కడే పుట్టలేదు కదా! 1933లో హార్బరు తెరిచారు, 1941లో సింధియా షిప్‌యార్డుకి పునాది పడింది, తర్వాత రిఫైనరీ, ఆపైన ఉక్కు ఫ్యాక్టరీ. ఒక్కొక్కటీ కొత్త మనుషుల్ని పిలిచింది.

ఇప్పుడు వచ్చేవాళ్ల కష్టం ఎక్కడుందంటే, కాగితంలో. ఒక గదిలో ఎనిమిది మంది ఉంటారు. అద్దె నెలనెలా చేతికే ఇస్తారు, రసీదు ఉండదు. రసీదు లేదు కాబట్టి చిరునామా లేదు, చిరునామా లేదు కాబట్టి గ్యాస్ కనెక్షను లేదు, ఓటు లేదు. చట్టం ప్రకారం మామూలుగా ఎక్కడ నివసిస్తుంటే అక్కడే ఓటరుగా చేరవచ్చు. కానీ ఓటు లేనివాళ్లున్న వీధిలో కుళాయి పాడైతే కార్పొరేటరు గారిని గట్టిగా అడిగేదెవరు?

స్పెయిన్‌లో ఒక పద్ధతి ఉంది. ఎవరు ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరి మున్సిపాలిటీ పుస్తకంలో పేరు రాయించుకోవాలి. వీసా కాగితాలు సరిగా లేని విదేశీయుడికైనా అదే నియమం. పిల్లల్ని బడిలో చేర్చడానికీ, డాక్టరు దగ్గరికి వెళ్లడానికీ ఆ పేరే ఆధారం. బార్సిలోనా నగరం దానితో ఆగలేదు. 2010లో వివిధ సంస్కృతుల వాళ్లు కలిసి బతకడానికి ఒక ప్రణాళిక వేసుకుని, వలసవాళ్ల మీద పుట్టే పుకార్లని ఎదుర్కోవడానికి సామాన్య పౌరులకి శిక్షణ కూడా ఇచ్చింది. పుకారంటే చిన్న విషయం అనుకోకండి. 2018 వేసవిలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు దిగాయని వాట్సాప్‌లో వచ్చిన అబద్ధం నమ్మి, మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని కొట్టారు. ప్రాణాలు పోయాయి.

మన దగ్గరా మంచి పని జరగకపోలేదు. ఒక రాష్ట్రం కార్డుతో ఇంకో రాష్ట్రంలో రేషన్ తీసుకునే ఏర్పాటు 2019 ఆగస్టులో మొదలైంది. ఆంధ్ర, తెలంగాణ మధ్య ఒక జత, గుజరాత్, మహారాష్ట్ర మధ్య ఇంకో జత. ఇప్పుడది దేశమంతా ఉంది. బియ్యం మనిషి వెంట నడిచిందంటే మిగతావి నడవలేవా? విద్యాహక్కు చట్టం 2009లోనే చెప్పింది, వలస కుటుంబాల పిల్లల్ని బడిలో చేర్పించే బాధ్యత స్థానిక సంస్థదేనని. టీసీ రావడం ఆలస్యమైందని చేర్చుకోకుండా ఉండకూడదని కూడా ఉంది. ఇటుక బట్టీల పక్కన మట్టిలో ఆడుకునే పిల్లల్ని చూసినప్పుడు ఈ చట్టం ఎంతమందికి తెలుసా అనిపిస్తుంది.

భాష సంగతి. కేరళ 'చంగాతి' పేరుతో వలస కార్మికులకి మలయాళం నేర్పింది. వాళ్ల ఆదివారం ఖాళీని, వాళ్ల బస దగ్గర చోటునీ చూసుకుని నేర్పాలి, అప్పుడే వస్తారు. మన వార్డు సచివాలయాల్లో సాయంత్రం ఒక గంట తెలుగు నేర్పితే, మందుల చీటీ మీద ఏముందో, మేస్త్రి రాసిన లెక్కలో ఏముందో వాళ్లే చదువుకుంటారు. మనం కూడా నాలుగు ఒడియా ముక్కలు, నాలుగు హిందీ ముక్కలు నేర్చుకుంటే తప్పేంటి?

బీహార్ వైపు వాళ్లు సూర్యుడికి చేసే ఛఠ్ పండక్కి ఆర్కే బీచ్ వెళ్లి చూడండి. తెల్లారకముందే నీళ్లలో నిలబడి, పైకొచ్చే సూర్యుడికి అర్ఘ్యం ఇస్తారు. అరసవల్లి సూర్యనారాయణమూర్తిని కొలిచే మనకి అది పరాయి పండగ ఎలా అవుతుంది? ఆ రోజు అక్కడ దీపాలు, మంచినీళ్లు, ఆడవాళ్లు బట్టలు మార్చుకునే చోటు ఏర్పాటు చేయడం నగరపాలక సంస్థకి పెద్ద ఖర్చు కాదు.

వీటిలో చాలా పనులు ప్రభుత్వం చేయాల్సినవి. ఒకటి మాత్రం మీ చేతిలోనే ఉంది. మీ ఇంట్లో గానీ మీ గదుల్లో గానీ వేరే రాష్ట్రం వాళ్లు అద్దెకుంటే, ఈ నెల అద్దె తీసుకునేటప్పుడు ఒక రసీదు రాసివ్వండి. వాళ్ల పేరు అడిగి తప్పు లేకుండా రాయండి. గది నంబరు, వీధి, తేదీ వేసి, కింద మీ సంతకం పెట్టండి.

నమస్కారం.