నల్లగొండ నైరూప్య చిత్రాల ప్రదర్శన: విప్పని చిటికి, పటిక మడ్డి, స్తంభం లేని నీడ

ప్రేక్షకులకు నమస్కారం. నల్లగొండ పట్టణంలో పదకొండు మంది స్థానిక చిత్రకారులు కలిసి ఏర్పాటు చేసిన నైరూప్య చిత్రాల ప్రదర్శనను నేను వరుసగా రెండు రోజులు వెళ్లి చూశాను. మొదటి రోజు సాయంత్రం నిరాశతో తిరిగి వచ్చాను. మరునాడు ఉదయం వెళ్లిన తరువాత, ఆ నిరాశలో సగం ట్యూబులైట్ల పుణ్యమేనని అర్థమైంది. సభలకూ పెళ్లిళ్లకూ అద్దెకిచ్చే హాలు కావడంతో లైట్లన్నీ నడినెత్తిన ఉన్నాయి, అద్దం బిగించిన ప్రతి ఫ్రేములోనూ బొమ్మకంటే ముందు లైటే కనిపిస్తుంది. ఈ వీడియోలో అక్కడక్కడా తెల్లటి అడ్డగీతలు వస్తాయి. దయచేసి వాటిని చిత్రకారుల ఖాతాలో వేయకండి.

చిత్రాల కింద పేర్లు లేవు, అంకెలు మాత్రమే ఉన్నాయి. నేను కూడా అంకెలతోనే చెబుతాను.

లోపలికి అడుగుపెట్టగానే ఎడమ గోడ పొడవునా ఉన్నవన్నీ ఆక్రిలిక్ రంగులను కాన్వాసు మీద ఒంపి, కాన్వాసును అటూ ఇటూ వంచి పారించిన చిత్రాలు. ఒక రంగు మరొక రంగును నెట్టుకుంటూ పోయేటప్పుడు ఏర్పడే గుండ్రటి కళ్లలాంటి ఆకారాలు చూడగానే ముచ్చటగా ఉంటాయి గాని, అవి రంగుల బరువులోనూ చిక్కదనంలోనూ ఉన్న తేడా వల్ల వాటంతట అవే పుట్టేవి కాబట్టి, నాలుగో చిత్రం దగ్గరికి వచ్చేసరికి వేసిన మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవలసి వస్తుంది. 9వ నంబరు చిత్రం ఒక పెద్ద నల్లటి బిందువు. బిందువు బొమ్మలకు పేరుపొందిన చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా 1950లో ఫ్రాన్సుకు వెళ్లి, దశాబ్దాల పాటు ఊళ్లనూ ప్రకృతి దృశ్యాలనూ చిత్రించిన తరువాత, 1980 ప్రాంతంలో బిందువు దగ్గరికి చేరుకున్నారు. ఖమ్మం వైపు మధిరలో 1940లో పుట్టిన చిత్రకారుడు సూర్యప్రకాశ్ కూడా తుక్కు కార్ల గుట్టలను చిత్రించిన తరువాతే రూపాన్ని వదిలిపెట్టారు. నైరూప్యమంటే తెలిసిన రూపంలోనుంచి కొంత తీసివేయడమని నేననుకుంటాను. తీసివేయడానికి ముందు చేతిలో ఏదో ఒకటి ఉండాలి గదా.

అటువంటిది ఉన్న చిత్రాల దగ్గరికి వద్దాం. 14వ నంబరును కాస్త దగ్గరగా చూపిస్తాను. ఇందులో రంగు పూసిన చోటు ఒక్కటీ లేదు. నాలుగడుగుల చెక్కకు పడుగు నూలును నిలువుగా బిగించి, దాని మీద సైకిల్ ట్యూబును సన్నగా కోసిన రబ్బరు పీలికలతో వందల చిటికీలు, అంటే రంగు లోపలికి పోకుండా బిగించే ముడులు, కట్టి, ఎర్ర రంగులో ముంచి, చిటికీలు విప్పకుండా అలాగే వదిలేశారు. పోచంపల్లి, పుట్టపాక వైపు చేనేత పనిని చూసినవారికి వివరం అక్కరలేదు. తెలియనివారికి చెప్పాలంటే, కట్టిన చోట నూలుకు రంగు అంటదు, విప్పి మళ్లీ కట్టి మరో రంగులో ముంచుతారు. మగ్గం మీదికి వెళ్లాక పోగులు వెంట్రుకవాసి అటూ ఇటూ జరగడం వల్ల డిజైను అంచులు గీత గీసినట్టుగా కాకుండా కొంచెం చెదిరినట్టు వస్తాయి. ఇక్కడ ఆ చెదరడం ఇంకా జరగలేదు, డిజైను ముడుల లోపలే ఉంది. నా పక్కన నిలబడిన ఒక పెద్దమ్మ, ముట్టుకోరాదన్న బోర్డును లెక్కచేయక, రెండు వేళ్లతో ఒక ముడిని నొక్కి చూసి, "ఇంక ఇప్పనేలేదు గదా బిడ్డా, లోపలికి రంగు గుంజిందో లేదో ఎట్ల తెలుస్తది?" అని అడిగింది. ఈ చిత్రం మీద నేను రాసుకున్న రెండు పేజీలకంటే ఆమె ప్రశ్నే సూటిగా ఉంది.

ఇలాగే చిటికీలు కట్టి నేసే పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఎరుపు, నలుపు, తెలుపు చదరాలతో ఉండే ఆ గుడ్డను తరతరాలుగా చూస్తున్నవారికి గళ్లూ గీతలే బొమ్మ కావడం కొత్త సంగతి కాదు. అయినా ఈ హాలుకు వచ్చినవారిలో చాలామంది "ఇదేమి బొమ్మ?" అని అడుగుతూనే ఉన్నారు, అదే మనిషి ఇంట్లో చీర అంచును చూసి ఆ మాట అనడు.

17వ నంబరు నన్ను కలవరపెట్టింది. నల్లరంగు వేసిన రేకును పళ్లెంలా మడిచి, అందులో పటికా సున్నమూ కలిపిన నీళ్లు పోసి, మడ్డి అడుగుకు దిగిన తరువాత ఎండబెట్టారు. దూరం నుంచి తెల్లటి మబ్బులా ఉంటుంది, దగ్గరికి వెళితే పెళుసుగా పగిలి, ఒక మూల రాలుతూ కూడా ఉంది. బోరునీటిలోని ఫ్లోరైడును తొలగించడానికి నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించిన పద్ధతి ఇదే. పటిక, సున్నం కలిసినప్పుడు కట్టే తెల్లటి మడ్డి ఫ్లోరైడును పట్టుకొని కిందికి దిగుతుంది. ఆఫ్రికా దేశాలలో కూడా దీనిని నల్లగొండ టెక్నిక్ అనే పిలిచారు. లీటరు నీటిలో 1.5 మిల్లీగ్రాములు దాటకూడని ఆ ఫ్లోరైడు ఈ జిల్లాలో ఎన్ని ఎముకలను వంచిందో మనకు తెలుసు. ఇక్కడ వంగిన మనిషి బొమ్మ లేదు, కన్నీరు లేదు, నినాదం లేదు. నాకున్న ఫిర్యాదు ఒక్కటే: పక్కన ఒక పేజీ నిండా వివరణ అతికించారు, అది లేకపోతే చిత్రం మరింత గట్టిగా నిలిచేది.

చివరి గోడ మీద 22వ నంబరు. బూడిదరంగు మీద బూడిదరంగు, మధ్యలో నిలువుగా కొంచెం ముదురు పట్టీ, అంతే. నల్లగొండ పక్కనే పానగల్లులో ఉన్న ఛాయా సోమేశ్వరాలయానికి వెళ్లినవారు వెంటనే గుర్తుపడతారు. అక్కడ గర్భగుడిలో లింగం వెనుక గోడ మీద స్తంభంలాంటి నీడ పగలంతా కదలకుండా నిలుస్తుంది. మండపంలోని స్తంభాల మధ్యనుంచి వేర్వేరు దిక్కుల వెలుతురు వచ్చి చేరడం వల్ల అది ఏర్పడుతుంది గాని, దానికి ఎదురుగా ఏ ఒక్క స్తంభమూ ఉండదు. చిత్రకారుడు ఆ పట్టీ అంచులను తడి కుంచెతో ఎంత మెత్తగా కలిపాడంటే, నీడ ఎక్కడ మొదలైందో వేలు పెట్టి చూపలేము. ట్యూబులైటు కింద ఇది ఉత్త బూడిదరంగు గుడ్డలా కనబడింది, ఉదయం కిటికీ వెలుతురులో మాత్రం నేను పావుగంట కదలలేదు.

ప్రదర్శన ఆదివారం వరకు ఉంటుంది, ప్రవేశం ఉచితం. వెళ్లేవారు ఉదయం పదకొండు లోపే వెళ్లండి, ఎడమ గోడను తరువాత చూసుకోవచ్చు, ముందుగా నేరుగా చివరి గోడ దగ్గరికి నడవండి. వీలైతే అక్కడ ఉన్నవారితో ఆ లైట్లు ఆర్పించండి. నేను అడిగితే ఆర్పారు.