ఈ మందు ఎన్నాళ్లు వాడాలి?

వేదిక మీది పెద్దలకూ డాక్టర్లకూ పీజీ విద్యార్థులకూ నమస్కారం. పేర్లు చదువుతూ కూర్చుంటే నాకిచ్చిన టైం అక్కడే అయిపోతుంది, ఏమీ అనుకోకండి.

మా అమ్మాయి కుడికాలు ఎడమకాలి కన్నా లావు, పొడుగు. పీఐకే3సీఏ అనే జన్యువులో మార్పు వల్ల వచ్చే అతిపెరుగుదల. డాక్టర్లు ప్రాస్ అంటారు. ఇది అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చేది కాదు. పిండం ఎదిగేటప్పుడు ఒక కణంలో మార్పు వస్తుంది, దాన్నుంచి పుట్టిన కణాల్లోనే ఉండిపోతుంది. ఈ మాట మా అత్తగారి వైపు చుట్టాలకు చెప్పీ చెప్పీ నోరు నొప్పెట్టింది.

నన్ను మందు గురించి మాట్లాడమన్నారు. ఆల్పెలిసిబ్. పారిస్‌లో నెకర్ ఆసుపత్రి డాక్టర్ గియోమ్ కనో బృందం 19 మందికి ఇచ్చి, ఫలితాలు 2018లో ప్రకటించింది. మరుసటి ఏడాది అమెరికాలో ఇదే మందుకు రొమ్ము క్యాన్సర్‌కు అనుమతి దొరికింది. 2022 ఏప్రిల్‌లో ప్రాస్ తీవ్రంగా ఉండి, రెండేళ్లు నిండినవాళ్లకు కూడా ఇవ్వొచ్చన్నారు.

మందు సరే, ముందు జబ్బు తేలాలి కదా! ఒక ల్యాబ్‌లో మా పిల్ల రక్తం తీసుకుని, బోలెడు డబ్బు తీసుకుని, 'నార్మల్' అని చేతిలో పెట్టారు. "మీకు టెన్షన్ ఎక్కువమ్మా" అని ఓ డాక్టరు గారు నవ్వారు కూడా. మార్పు కాల్లో ఉంటే రక్తంలో ఎలా దొరుకుతుందండీ? పెరిగిన చోట ముక్క తీసి పరీక్షించాలి. వెనక బెంచీ పిల్లలూ, రాసుకోండి. రక్తం నార్మల్ అంటే జబ్బు లేదని కాదు. మళ్లీ చెప్తున్నాను, కాదు!

ఎక్కడున్నాను? ఆ, ఎన్నాళ్లు వాడాలి అని. ఈ మందు జన్యువును బాగుచెయ్యదు, అది చేసే అల్లరిని అణుస్తుంది, అంతే. ఎలుకల్లో మందు ఆపగానే జబ్బు తిరగబెట్టింది. ఈ మందు అడ్డుకునే దారిలోనే ఇన్సులిన్ కూడా పని చేస్తుంది కాబట్టి షుగర్ పెరగొచ్చు. నోటిపూత, విరేచనాలు సరేసరి. అమెరికాలో అనుమతికి ఆధారమైన లెక్క 24 వారాలది. 37 మందిలో 10 మందికి అతిగా పెరిగిన భాగం సైజు అయిదో వంతైనా తగ్గింది. మా పిల్ల ముందున్నవి వారాలు కాదు, ఏళ్లు. ఎదిగే పిల్ల.

అందుకని డాక్టర్లను ఒకటే అడుగుతున్నాను. మీ దగ్గర ఈ మందు వాడే ప్రతి బిడ్డ ఎత్తు, బరువు, షుగర్ ఏటేటా రాసిపెట్టండి, ఊరు మారినా ఆ కాగితాలు వాళ్ల వెంట వెళ్లేలా చూడండి. కాలు ఫొటో తీసేటప్పుడు పక్కన కొలత టేపు పెట్టండి.