టేపు అరిగిన చోట

శ్రోతలకు నమస్కారం.

1980లలో ప్రొద్దుటూరులో, మా వీధి వినాయక చవితి పందిట్లో రాత్రంతా సినిమాలు వేసేవారు. టీవీ, వీసీఆర్, మూడు క్యాసెట్లు అద్దెకు వచ్చేవి. మొదటిది పెద్దవాళ్ల కోసం పాత సినిమా. కొత్తది మొదలయ్యేసరికి పిల్లలమంతా చాపల మీద నిద్రపోయేవాళ్లం. అందుకే నా బాల్యమంతా ‘మాయాబజార్’తోనే నిండిపోయింది.

ఆ బొమ్మ ఎలా ఉండేదో చెబుతాను. ఒక టేపు నుంచి ఇంకో టేపుకు, దాని నుంచి మరో టేపుకు ఎక్కించిన ప్రతి అది. ఎక్కించిన ప్రతిసారీ బొమ్మ కొంత పలచబడుతుంది. అసలు ఆ క్యాసెట్లలోని వీహెచ్‌ఎస్ టేపు నిలుపుకోగలిగిందే తక్కువ, సుమారు 240 సన్న గీతలను విడివిడిగా చూపగలిగేంత వివరం. ముఖాలు పాలిపోయేవి, నగలు వెలుగు ముద్దల్లా కనిపించేవి, తెర అడుగున ఒక గీత వణుకుతూనే ఉండేది. ‘లాహిరి లాహిరి’ పాట దగ్గర మరీ అన్యాయం. పడవ ఏదో, నీరు ఏదో తెలిసేది కాదు. కారణం చాలా ఏళ్లకు గానీ అర్థం కాలేదు. అద్దెకు తీసుకున్న ప్రతి ఇంటివారూ ఆ పాటనే వెనక్కి తిప్పి మళ్లీ మళ్లీ చూసేవారు. జనం ఎక్కడ మనసు పారేసుకున్నారో, టేపు అక్కడే అరిగింది.

మా అవ్వ ఆ సినిమాను 1957లో, వచ్చిన కొత్తలోనే హాల్లో చూసింది. తీసిన కె.వి.రెడ్డిగారు తాడిపత్రి మనిషని ఆమెకు ఎంత గర్వమో! పాట మొదలు కాగానే నా చెవి దగ్గరికి వంగి, "ఇక్కడ నీళ్ల మీద వెన్నెల తళతళలాడుతుంది, చూడు నాయనా" అనేది. నాకు కనిపించేది బూడిద రంగు. గరగరలోంచి ఘంటసాల, లీల గొంతులు మాత్రం తేటగా వినిపించేవి. ఆ గొంతుల వెంట, అవ్వ మాట వెంట ఆ వెన్నెలను నేనే పరుచుకున్నాను.

ఈ మధ్య నలుపు తెలుపులోనే శుభ్రమైన ప్రతి చూశాను. మార్కస్ బార్ట్లే తన కెమెరాతో పట్టిన వెన్నెల ఎంతటి పనితనమో అప్పుడు తెలిసింది. 35 మిల్లీమీటర్ల ఫిల్ములో అదంతా మొదటి నుంచీ ఉంది. మసక సినిమాది కాదు, మా క్యాసెట్‌ది. ఆ మహానుభావుల శ్రమను ఇలా స్పష్టంగా చూడవలసిందేనని నేను నమ్ముతాను. అయినా ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఎవరో పాత టేపు నుంచి కంప్యూటర్‌లోకి ఎక్కించిన ప్రతిని వెతికి పెట్టుకున్నాను. అడుగున గీత వణికింది. పాట దగ్గర బొమ్మ చెదిరింది. అవ్వ పక్కన కూర్చున్నట్టే ఉంది.

మీ అటక మీద అలాంటి క్యాసెట్లు ఉంటే పారవేయకండి. తేమ తగిలితే టేపుకు బూజు పడుతుంది. ఒక కొసకు పూర్తిగా చుట్టి, డబ్బాలో నిలువుగా నిలబెట్టి, ఎండ పడని పొడి చోట ఉంచండి. స్పీకర్ల పక్కన పెట్టకండి, అయస్కాంతం తగిలితే బొమ్మ చెరిగిపోతుంది. నడిచే వీసీఆర్ దొరికిన రోజు కంప్యూటర్‌లోకి ఎక్కించుకోండి. ఎక్కించేటప్పుడు అరిగిన పాటను మాత్రం కత్తిరించకండి.

నమస్కారం.