టీకా వేశాక అరగంట ఎందుకు కూర్చోబెడతారు?

[దృశ్యం: కర్నూలు దగ్గర ఒక పల్లె, అంగన్‌వాడీ వరండా. బుధవారం, పదకొండు దాటింది.]

"సూదేసినావు కదమ్మా, ఇంక పోదుమా?" అని జేజి లేచింది.
"అరగంట కూర్చో జేజీ" అంది ఏఎన్ఎం.

మందు పడక ఊపిరాడకపోవడం లాంటిది చాలా అరుదు. కానీ వస్తే ఎక్కువగా ఆ కాసేపట్లోనే వస్తుంది. అందుకే ఆమె దగ్గర అలాంటప్పుడు వెంటనే వేసే మందు, అడ్రినలిన్ కిట్ ఉంటుంది.

[క్లోజప్: సీసా లేబుల్]

ఈ గుండ్రం మధ్యలో తెల్ల చదరం చూశారా? వేడి తగిలేకొద్దీ అది ముదురుతుంది. చుట్టూ ఉన్న రంగులో కలిసిపోతే ఆ సీసా వాడరు. మన కర్నూలు ఎండలకు ఇది కావాల్సిందే. అయితే ఇది వేడికి మందు చెడిందా లేదా అన్నదే చెబుతుంది. బాగున్న మందే ఇబ్బంది పెడితే?

[పాత ఫోటోలు, క్యాలెండర్: 1998, 1999]

అమెరికాలో అదే జరిగింది. రోటా వైరస్ విరేచనాలు రాకుండా 1998లో ఒక టీకాకు అనుమతి ఇచ్చారు. పదివేల మంది పిల్లల్లో ఒకరికి వచ్చే సమస్య అంతకుముందు ట్రయల్స్‌లో తేలలేదు. వాడకంలోకి వచ్చాక, పేగులో పేగు దూరిపోయిన కేసులు ఒక్కొక్కటే రిపోర్టయ్యాయి. పదిహేను కేసులకే టీకా ఆపేశారు. 1999లోనే కంపెనీ వెనక్కి తీసుకుంది.

పదిహేనంటే పదిహేనే! ఎవరో ఒక డాక్టరు "ఇదేదో మామూలుదేలే" అని వదిలేసి ఉంటే?

తర్వాత వచ్చిన రెండు రోటా టీకాలను ఒక్కోదాన్ని 60 వేలకు పైగా పసిపిల్లల మీద పరీక్షించాకే అనుమతించారు. మన దేశంలో 2016లో నోట్లో వేసే రోటా టీకా చుక్కలు మొదలైన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. అప్పటి నుంచి 2019 దాకా, పేగు దూరి ఆసుపత్రికి వచ్చిన పిల్లల కేసులను పట్టి చూశారు. ఇక్కడ వేసిన చుక్కలకూ దానికీ సంబంధం కనపడలేదు.

[దృశ్యం: మళ్లీ వరండా. ఏఎన్ఎం బ్యాచ్ నంబరు రాసుకుంటోంది.]

ఆ నంబరు ఊరికే రాయరు. నాలుగు ఊళ్లలో ఒకే తేడా వస్తే, ఏ బ్యాచ్ అని మొదట వెతికేది దాన్నే. పెద్ద సమస్యయితే మెడికల్ ఆఫీసరు నుంచి జిల్లా కమిటీకి, అక్కణ్నుంచి పైకి పోతుంది. టీకా తర్వాత వచ్చిందంటే టీకా వల్లే అని కాదు, దాన్ని తేల్చడమే ఆ కమిటీల పని. కాబట్టి రాత్రి జ్వరం ఎక్కువైనా, ఫిట్స్ వచ్చినా చెప్పడానికి మొహమాటపడొద్దు. మీరు చెబితేనే లెక్కలోకి వస్తుంది.

"జేజీ, అరగంటయింది, ఇంక పోవచ్చు."
"ఈ ఎండలో యాడికి పోతాంలే. కాసేపు ఈడ్నే ఉంటాం."