అర్థం లేని పాట పాడి మెప్పించిన అడ్రియానో చెలెంటానో
నమస్తే అండీ. ముందు ఈ ముక్క కళ్ళు మూసుకుని వినండి... ఇంగ్లిషే కదా? కాదు! ‘ఆల్ రైట్’ తప్ప ఇందులో ఒక్క మాటకీ అర్థం లేదు. పాట పేరు ‘ప్రిసెన్‌కోలినెన్‌సినైన్‌చుసోల్’. ఇది పలకడానికి నాకు మూడు టేకులు పట్టింది, నవ్వకండి.

1972లో దీన్ని పాడింది ఇటలీ గాయకుడు అడ్రియానో చెలెంటానో. మాటలు తెలియని ఇంగ్లిష్ పాటకి నోటికొచ్చింది కలిపి మనమూ పాడాం. ఈయన ఏకంగా రికార్డే వేశాడు! డ్రమ్ము, బాకాలు తిరిగి తిరిగి అదే వరస వాయిస్తుంటాయి, అయినా బోరు కొట్టదు.

ఇంత ధైర్యం ఎక్కడిదంటే, 1961లోనే సొంత రికార్డు కంపెనీ పెట్టుకున్నాడు. అదే ఏడాది సాన్‌రెమో పాటల పోటీలో జనానికి వీపు పెట్టి నిలబడ్డాడు. పెద్ద గొడవైంది, రెండో స్థానం మాత్రం వచ్చింది. ఒళ్ళంతా స్ప్రింగులున్నట్టు ఊగుతాడని ‘మొల్లెజ్జాటో’ అని పేరు పెట్టారు. అంతకుముందు ఈయన పని? గడియారాలు బాగుచేయడం.

నాకు ప్రాణమైన పాట వేరే ఉంది. 1938లో ఈయన పుట్టింది మిలాన్‌లోని గ్లుక్ వీధిలో. ఆ వీధి కుర్రాడి మీదే 1966 నాటి పాట. పల్లెలాంటి ఆ చోటు వదిలి సిటీకి వెళ్తాడు, ఎనిమిదేళ్ళకి ఇల్లు కొనుక్కుందామని డబ్బుతో తిరిగొస్తాడు. స్నేహితులు లేరు, గడ్డి లేదు, అంతా తారూ సిమెంటూ. మన శివారుల్లో వెంచర్లు చూసినవాళ్ళకి ఇది వేరే చెప్పక్కర్లేదు. సాన్‌రెమోలో దీన్ని మొదటి రౌండ్‌లోనే పంపించేశారు! ఆ జడ్జీల చెవులకి ఏమైందో మరి.

సినిమాల్లో నాకు కొన్నే నచ్చాయి. 1980లో ఓర్నెల్లా ముటితో చేసిన కామెడీలో ఆడవాళ్ళంటే పడని రైతు వేషం. కథ పాతబడింది. కానీ ద్రాక్షపళ్ళు తొక్కుతూ వేసే స్టెప్పులున్నాయే, అవి చూడాల్సిందే. సోవియట్ యూనియన్‌లోనూ ఆ సినిమాకి జనం విరగబడ్డారు.

ఇక టీవీ. 1987లో ‘ఫాంటాస్టికో’ అనే శనివారం రాత్రి షో ఆయన చేతికిచ్చారు. లైవ్‌లో మాట మధ్యలో ఆపేసి, కెమెరా వంక చూస్తూ చాలాసేపు అలా ఉండిపోయేవాడు. దేశం మొత్తం ఎదురుచూసేది. మా ఎడిటర్ నాకు రెండు సెకన్లు కూడా ఇవ్వడు, చూడండి ఇప్పుడే కట్—